అమ్మమ్మ బొట్టు ఎక్కడికి పోయింది?

ఫొటో ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏఐ గురించే. వాటిలోంచి ఆరు ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: మా అమ్మమ్మది ఒక్కటే ఫొటో ఉంది. 1950ల్లో స్టూడియోలో తీయించుకున్నది, నలుపు తెలుపు, 3×4 అంగుళాలు. పసుపు మరకలు పడ్డాయి, ఒక మూల చిరిగింది. ఫోన్‌లో ఏఐ యాప్‌తో బాగుచేస్తే తళతళలాడుతూ వచ్చింది. కానీ మా అమ్మ చూసి "ఈవిడెవరే?" అంది. నుదుట బొట్టు లేదు, ముక్కెర లేదు. అమ్మమ్మ అమ్మమ్మలాగే ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సైదాబాద్

జవాబు: మీ అమ్మగారు సరిగ్గానే చూశారండీ. ఆ యాప్ ఫొటోను బాగుచేయలేదు, దాన్ని చూసి వేరే ముఖం గీసింది. ముఖాలను బాగుచేయడానికి విరివిగా వాడే ఏఐ నమూనాలు జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్. ముఖం అంటే ఎలా ఉంటుందో ఈ రెండూ నేర్చుకున్నది ఫ్లికర్‌లో జనం పెట్టుకున్న 70,000 ఫొటోల నుంచి. దాదాపు అన్నీ ఈ కాలపు రంగు ఫొటోలు. వాటిలో రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు, ముక్కెర పెట్టుకున్న మన అమ్మమ్మలు ఎంతమంది ఉంటారు? అందుకే నుదుటి మీద గుండ్రంగా నల్లగా ఏదైనా కనబడితే దాని లెక్కలో అది మరక. ముక్కు పక్కన తెల్లటి చుక్క ఉంటే గీత. రెండూ తుడిచేస్తుంది.

బొట్టు నల్లగా ఎందుకుందంటే, స్టూడియోలు చాలాకాలం వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు రంగు తెలియదు. కుంకుమ, తాంబూలంతో పండిన పెదవులు, ఎర్రంచు చీర అన్నీ దానికి దాదాపు నలుపే. ఇది గుర్తుంచుకోండి, రంగులు వేయించేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇక పని మొదలుపెట్టేముందు ఫ్రేమును జాగ్రత్తగా చూడండి. అద్దానికి ఆనుకున్న చోట తడిసినట్టు మెరుస్తున్న మచ్చలుంటే ఫొటో అద్దానికి అతుక్కుందన్నమాట. వానాకాలపు తేమకు ఫొటో పైపొరలోని జెలటిన్ ఉబ్బి అద్దాన్ని పట్టుకుంటుంది. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అలాంటప్పుడు అద్దంతో సహా స్కాన్ చేయించండి. అతుక్కోకపోతే బయటికి తీసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. తడిగుడ్డ పెట్టకండి.

స్కానింగ్ 1200 డీపీఐలో, టిఫ్ ఫైలుగా, ఒక్కో రంగుకు 16 బిట్లతో చేయమనండి. 3×4 అంగుళాల ఫొటోకు 3600×4800 పిక్సెళ్లు వస్తాయి. 12×16 అంగుళాల ప్రింటుకు అది సరిపోతుంది. ఫైలు 100 ఎంబీ దాటుతుంది, పరవాలేదు. స్కానర్‌లో దుమ్ము తొలగించే ఆప్షన్, షార్ప్ చేసే ఆప్షన్ రెండూ ఆపేయాలి. ముఖ్యంగా, నలుపు తెలుపు ఫొటో అయినా రంగులోనే స్కాన్ చేయాలి. చాలా స్టూడియోలు గ్రే స్కేల్‌లో చేసిచ్చేస్తాయి, అక్కడే సగం పని చెడిపోతుంది. రంగు స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి, వాటినే చానెళ్లు అంటారు. పసుపు, గోధుమ రంగు మరకలు నీలం చానెల్‌లో దట్టంగా, ఎరుపు చానెల్‌లో పలచగా పడతాయి. ఫొటోషాప్‌లోనో ఉచితంగా దొరికే గింప్‌లోనో ఎరుపు చానెల్ ఒక్కటే విడిగా చూడండి. పసుపు మరకల్లో చాలావరకు అక్కడ మాయమవుతాయి. ఏ ఏఐ అక్కర్లేదు, దేన్నీ ఊహించనక్కర్లేదు. ఆ చానెల్‌నే మీ కొత్త నలుపు తెలుపు ఫొటోగా తీసుకోండి.

తర్వాత గీతలు, చిరుగు. పక్క భాగంతో మచ్చను కప్పే హీలింగ్ బ్రష్‌తో, 100 శాతం సైజులో చూస్తూ, చిన్నచిన్న ముక్కలుగా. వెనక తెర, చీర కుచ్చిళ్లు, చిరిగిన మూల లాంటి చోట్ల ఏఐ సాయం తీసుకోవచ్చు, అక్కడ తప్పు జరిగినా మనిషి మారిపోదు. ముఖం జోలికి మాత్రం పోనివ్వకండి. పై రెండు నమూనాలూ ముఖాన్ని 512×512 పిక్సెళ్ల చదరంలోకి కుదించుకుని పనిచేస్తాయి. మీ స్కాన్‌లో ముఖమే 900 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, ఉన్న వివరాన్ని పారేసి లేని వివరం తెచ్చుకున్నట్టే. గుంపు ఫొటోలో ముఖం మరీ చిన్నదై తప్పనిసరైతే కోడ్‌ఫార్మర్‌లో ఫిడిలిటీ అనే స్లైడరును 1కి దగ్గరగా పెట్టండి. 0 వైపు జరిగేకొద్దీ అది సొంతంగా గీస్తుంది. వచ్చినదాన్ని వేరే లేయర్‌లో, 30 శాతం మించకుండా కలపండి. బొట్టు, ముక్కెర, కమ్మలు, కనుకొలకులు, పళ్లు మాస్క్‌తో (ఎంచుకున్న చోట మార్పు పడకుండా అడ్డుపెట్టే తెర) పాతవే తిరిగి తెచ్చుకోండి. చివర్లో రెండు చెవులనూ పోల్చి చూడండి. ఒక చెవికి దుద్దు, ఇంకో చెవికి లోలాకు వచ్చిందంటే యంత్రం చేయి పడినట్టే.

రంగుల విషయం. నల్లగా పడింది ఎరుపైనా కావచ్చు. బూడిదరంగులో ఉన్న చీర ఆకుపచ్చో పసుపో ఫొటో చెప్పదు, మీ అమ్మగారే చెప్పాలి. ఆవిడకు గుర్తున్న రంగు మీరు చేత్తో వేయించండి. రంగుల కాపీ వెనక "రంగులు తర్వాత వేసినవి" అని రాసిపెట్టండి. మనవల కాలానికి ఏది అసలో తెలియాలి కదా.

ప్రశ్న: నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లిళ్ల స్టూడియో ఉంది. ఒక్కో పెళ్లికి ఇద్దరు ఫొటోగ్రాఫర్లం కలిపి 6,000 దాకా తీస్తాం. ఏరివేతకు ఏఐ సాఫ్ట్‌వేర్ పెట్టాను. రెండు రోజుల పని రెండు గంటల్లో అయిపోతోంది కానీ, మొన్న ఒక పెళ్లిలో జీలకర్ర–బెల్లం ఫొటోలు దాదాపు అన్నీ పక్కన పడేసింది. నాయిస్ (తక్కువ వెలుగులో తీస్తే పడే చుక్కలు) తీసేటప్పుడు చీరలు కూడా ప్లాస్టిక్‌లా వస్తున్నాయి.

జవాబు: ఏరివేత సాఫ్ట్‌వేర్ ప్రధానంగా చూసేవి మూడు: కళ్లు తెరిచి ఉన్నాయా, కళ్ల మీద ఫోకస్ ఉందా, ఒకేలాంటివి ఎన్ని ఉన్నాయి. రిసెప్షన్‌కు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. ముహూర్తానికి తలకిందులవుతుంది. తెరసెల్ల అడ్డున్నంతసేపు ఒక్కరి ముఖమే కనిపిస్తుంది. జీలకర్ర–బెల్లం పెట్టే క్షణాన ఇద్దరి కళ్లూ కిందికి వాలి ఉంటాయి, ఒకరి చేయి ఇంకొకరి తల మీద ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు అవన్నీ కళ్లు మూసుకున్న ఫొటోలే. తలంబ్రాలప్పుడు గాలిలోని బియ్యపు గింజ మీదికి ఫోకస్ జరుగుతుంది, ముఖం కొద్దిగా మసకబారుతుంది. అదీ పోతుంది. అందరూ ఎదురుచూసే ఫొటోలు అవే కదా!

దీనికి మార్గం, పెళ్లికి బయలుదేరే ముందే రెండు కెమెరాల గడియారాలను సెకనుతో సహా కలపండి. దింపుకున్నాక తీసిన సమయం ప్రకారం వరుస పెట్టి, ముహూర్తానికి 15 నిమిషాల ముందు నుంచి తలంబ్రాలు, మంగళసూత్రం అయ్యేదాకా ఉన్న ఫ్రేములను వేరే ఫోల్డరులో వేయండి. ఆ ఫోల్డరుకు ఏఐ తగలకూడదు. 800 ఉంటాయో 1,000 ఉంటాయో, చేత్తోనే ఏరండి. మిగతావాటికి సాఫ్ట్‌వేర్ వాడుకోండి. కళ్లు మూసినవాటిని 'తీసెయ్' అని కాకుండా 'గుర్తు పెట్టు' అనే సెట్టింగులో ఉంచండి. అమ్మాయిని అప్పగించేటప్పుడు కళ్లు మూసుకుని ఏడుస్తున్న తండ్రిని ఏ సాఫ్ట్‌వేర్ మంచి ఫొటో అనుకోదు.

నాయిస్ సంగతి. నాయిస్ తీసే ఏఐ డీనాయిస్‌ను రా ఫైళ్ల (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్లు) మీదే, అన్నిటికంటే ముందు చేయండి. రంగులు దిద్ది, మచ్చలు తీశాక కాదు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 దగ్గర తీసినవాటికి 30–40 బలం చాలు. ముఖం చూసి సరిపెట్టకండి, చీర చూసి సరిపెట్టండి. గద్వాల జరీ అంచును 100 శాతం పెద్దది చేసి చూడండి. జరీ పోగు పోగుగా కనిపిస్తే సరే, బంగారు రేకులా నున్నగా ఉంటే తగ్గించండి. పోచంపల్లి ఇక్కత్‌కు ఇంకో గండం ఉంది. నూలును ముడివేసి రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైను అంచుల్లో రంగు కొద్దిగా పాకినట్టు ఉంటుంది, చేనేతకు గుర్తే అది. ఏఐ షార్పెనింగ్ దాన్ని మసక అనుకుని అంచులు గీసినట్టు చేస్తుంది. వేలు పోసి కొన్న ఇక్కత్ చీర ఆల్బంలో ప్రింటెడ్ చీరలా కనిపిస్తుంది. చీర మీద షార్పెనింగ్ పడకుండా మాస్క్ వేయండి.

ఫంక్షన్ హాల్ ఎల్ఈడీ వెలుగుల్లో వచ్చే అడ్డచారలు నాయిస్ కావు, డీనాయిస్‌తో పోవు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అంటే లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. సైలెంట్ షట్టర్ మాని మెకానికల్ షట్టర్‌తో 1/100 లేదా 1/50 సెకను పెట్టండి. స్టేజీ వెనకాల ఎల్ఈడీ గోడ మినుకు ఈ లెక్కకు లొంగకపోవచ్చు. ముందుగా నాలుగైదు షట్టర్ వేగాలు పరీక్షించి చారలు రానిది ఎంచుకోండి.

కరిజ్మా ఆల్బం 12×36 అంగుళాల షీటుకు ఫొటో చాలక పక్కన జనరేటివ్ ఫిల్‌తో (ఖాళీ చోటును ఏఐతో నింపే ఫొటోషాప్ టూల్) మండపాన్ని పొడిగిస్తుంటారు. 300 డీపీఐలో ఆ షీటు 3600×10800 పిక్సెళ్లు. జనరేటివ్ ఫిల్ తొలి వెర్షన్లు ఒక్కసారికి ఇచ్చింది 1024×1024 మాత్రమే, ఎంత పెద్ద చోటు ఎంచుకున్నా దాన్నే సాగదీసేవి. స్క్రీన్ మీద బాగుండి ప్రింటులో పక్కభాగం మసకగా వస్తే కారణం అదే. చోటును చిన్న ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా నింపుకుంటూ రండి. ఫొటోలో అడ్డొచ్చేవాటిని తొలగించే టూల్‌ను తలంబ్రాల ఫొటోల మీద ఒక్కసారిగా నడపకండి, గింజలను దుమ్ము అనుకుని ఏరేస్తుంది.

ఇంకో మాట. మన కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. సెల్ఫీ పంపితే అతిథులకు వాళ్ల ఫొటోలు వెతికిచ్చే సర్వీసులు వాడుతుంటే, ఫొటోలు బయటి సర్వర్లకు వెళ్తాయని ఒప్పంద పత్రంలో ఒక వాక్యం రాసి సంతకం తీసుకోండి.

ప్రశ్న: లాడ్ బజార్‌లో రాత్రిపూట గాజులు ఫోన్‌తో తీస్తే రాళ్ల మెరుపు పోయి రంగు పూసినట్టు వస్తున్నాయి. ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ కెమెరా ఉంది.
– ఒక విద్యార్థిని, శాలిబండ

జవాబు: నైట్ మోడ్ ఒక్క ఫొటో తీయదు. వరసగా చాలా ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిట్లో స్థిరంగా ఉన్నదాన్ని వివరంగా, ఫ్రేముకో రకంగా మారినదాన్ని నాయిస్‌గా లెక్కగడుతుంది. లక్క గాజు మీది రాయి మీ చేయి వెంట్రుకవాసి కదిలినా ఒక ఫ్రేములో మెరుస్తుంది, ఇంకోదాంట్లో మెరవదు. అందుకే మెరుపులన్నీ నాయిస్ కిందికి పోతాయి.

నిజానికి ఆ షాపుల్లో వెలుగుకు కొదవ లేదు. నైట్ మోడ్ ఆపి ప్రో మోడ్‌లో షట్టర్ 1/50, ఐఎస్ఓ 400 లోపు పెట్టండి, రా ఆన్ చేయండి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గిస్తే రాళ్లు తెల్లగా పేలిపోవు. 50 మెగాపిక్సెల్ మోడ్ పగటికే. రాత్రి నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్లు ఇవ్వడమే దానికి మేలు. మోచేతులు కౌంటరు మీద ఆనించండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా వీసా కోసం అమీర్‌పేటలో ఫొటో తీయిస్తే స్టూడియో వాళ్లు ఏఐతో రంగు తేల్చి, చెంప మీది పుట్టుమచ్చ తీసేశారు. పంపొచ్చా?

జవాబు: పంపకండి, మళ్లీ తీయించండి. ముఖం తీరు మార్చే డిజిటల్ దిద్దుబాటు అమెరికా వీసా ఫొటోకు నిషిద్ధం. పాస్‌పోర్ట్ ఫొటోకూ అంతే. ఆ ఫొటోను రేపు విమానాశ్రయంలో ఎదురుగా నిలబడ్డ మనిషితో పోల్చేది యంత్రం. బ్యూటీ ఫిల్టరు చర్మాన్నే కాదు, దవడను సన్నం చేస్తుంది, కళ్లను కొద్దిగా పెద్దవి చేస్తుంది. పోలిక చెడేది అక్కడే.

కొలతలు: వీసాకు 2×2 అంగుళాలు. అప్‌లోడ్ చేసేది 600×600 నుంచి 1200×1200 పిక్సెళ్ల లోపు చదరపు జేపెగ్, 240 కేబీ మించకూడదు. గడ్డం నుంచి నడినెత్తి దాకా తల ఎత్తు ఫొటో ఎత్తులో 50–69 శాతం. కళ్లద్దాలు వద్దు, ఫొటో ఆరు నెలల లోపుది కావాలి. మన పాస్‌పోర్ట్‌కు 35×45 మిల్లీమీటర్లు, తెల్లటి వెనకభాగం. దీన్ని ఏఐతో కత్తిరించి తెలుపు పెడితే జుట్టు అంచులు, చెవులు కోసినట్టు వస్తాయి. దానికంటే తెల్లగోడకు రెండడుగులు ముందు నిలబెట్టి, ఎదురుగా కిటికీ వెలుగు పడేలా చూసుకుంటే నీడా రాదు, కత్తిరింపూ అక్కర్లేదు.

ఇంట్లో తీస్తే ఫోన్ వెనక కెమెరాతో, నాలుగైదు అడుగుల దూరం నుంచి, వేరేవాళ్లు తీయాలి. చేయి చాచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. పైగా కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తాయి, కుడి చెంప పుట్టుమచ్చ ఎడమకు వచ్చేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. బ్యూటీ స్లైడరును సున్నా మీద పెట్టి, అది నిజంగా సున్నాలోనే ఉందో లేదో ఇంకోసారి చూడండి. చాలా ఫోన్లలో అది ముందే ఆన్ చేసి వస్తుంది.

ప్రశ్న: నేను మాసబ్‌ట్యాంక్‌లో ఫొటోగ్రఫీ చదువుతున్నాను. పోటీకి పంపే ఫొటోకు ఏఐ డీనాయిస్ వాడాను. అది మోసం అవుతుందా? గీత ఎక్కడ గీసుకోవాలి?

జవాబు: డీనాయిస్‌ను చాలా పోటీలు ఒప్పుకుంటాయి. అయినా నిబంధనలు చదవండి, అనుమానముంటే రాసి అడగండి.

గీత గురించి. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన రంగుల జాలీకి 1976లో పేటెంట్ వచ్చింది. నేటి కెమెరాల్లో దాదాపు అన్నిటిలోనూ సెన్సర్ మీద ఉండేది అలాంటి జాలీయే. దాని కింద ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండూ పక్క పిక్సెళ్లను చూసి లెక్కగట్టినవే. అంటే దాదాపు ప్రతి డిజిటల్ రంగు ఫొటోలోనూ మూడింట రెండు వంతులు లెక్క కట్టిందే, కాబట్టి లెక్క కట్టడం తప్పు కాదు. మరకలు చెరపడమూ కొత్తది కాదు. ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన 1880ల నాటికే నెగెటివ్‌ల మీద పెన్సిలుతో దిద్దే పని ఫొటోగ్రఫీలో మామూలు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పిక్సెల్ మీ ముందున్న దృశ్యపు వెలుగు నుంచి వచ్చిందా, ఎవరివో వేల ఫొటోల నుంచి వచ్చిందా? డీనాయిస్ మొదటి వైపు ఉంటుంది. కానీ ఐఎస్ఓ 25600లో తీసిన చీకటి మూలను గట్టిగా శుభ్రం చేస్తే అది కూడా రెండోవైపు జారుతుంది, లేని ఆకులు, లేని ఇటుకలు మొలుస్తాయి. అసలు ఫైలుతో పక్కపక్కన పెట్టి చూడండి. జనరేటివ్ ఫిల్ పూర్తిగా రెండోవైపే.

2023లో జర్మనీకి చెందిన బోరిస్ ఎల్డాగ్సెన్ ఏఐ చిత్రంతో సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ అవార్డుల్లో గెలిచి, బహుమతి వద్దన్నారు. 2024లో దీనికి సరిగ్గా తిరగబడ్డ సంఘటన: మరో పోటీలో ఏఐ విభాగంలో గెలిచిన ఫ్లెమింగో చిత్రం నిజమైన ఫొటో అని తేలి బహుమతి వెనక్కి తీసుకున్నారు. న్యాయనిర్ణేతల కళ్లే పొరబడుతున్నప్పుడు మిమ్మల్ని నిలబెట్టేది రా ఫైలే. వరల్డ్ ప్రెస్ ఫొటో లాంటి పోటీలు కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు అడుగుతాయి. ఆ ఫ్రేముకు ముందు, తర్వాత తీసినవి కూడా చెరపకుండా ఉంచండి.

ప్రశ్న: కంచ గచ్చిబౌలి చెట్ల గొడవప్పుడు నేను షేర్ చేసిన ఒక ఫొటో ఏఐదని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను. మామూలు మనిషి ఎలా కనిపెట్టాలి?
– ఒక పాఠకుడు, నల్లగండ్ల

జవాబు: 2025 వసంతంలో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనున్న ఆ 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం నిజం. దాని ఫొటోలు, డ్రోన్ వీడియోలు నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనడమూ నిజం. వాటి మధ్యలోకి బుల్డోజర్ల ముందు పారిపోతున్న జింకలు, నెమళ్ల ఏఐ బొమ్మలు వచ్చి కలిశాయి. వాటిని పంచుకున్నవారికి పోలీసు నోటీసులు వెళ్లాయి. ఎక్కువ నష్టపోయింది నిజమైన ఫొటోలు. "ఏమో, అదీ ఏఐయేనేమో" అనే మాట వాటికీ అంటుకుంది.

ముందు అసలు ఫైలు అడగండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గి, తీసిన సమయం, కెమెరా వివరాలు పోతాయి. 'డాక్యుమెంట్'గా పంపితే అవి ఉంటాయి. తర్వాత గూగుల్ లెన్స్‌లో వెతకండి, అదే బొమ్మ రెండేళ్ల కింద ఇంకో ఊరి పేరుతో దొరకొచ్చు. 'ఇది 87 శాతం ఏఐ' అని చెప్పే సైట్లను నమ్ముకోకండి. కుదించిన నిజం ఫొటోను కూడా అవి అబద్ధమంటాయి.

ఫొటో పుట్టుకను ఫైలులోనే సంతకంలా రాసే సీ2పీఏ అనే పద్ధతి కోసం 2021లో కంపెనీలు ఒక కూటమి కట్టాయి. 2023లో లైకా కంపెనీ తన ఎం11–పి కెమెరాలోనే దాన్ని పెట్టింది. అయితే ఒక్క స్క్రీన్‌షాట్‌తో ఆ సంతకం పోతుంది. కాబట్టి సంతకం ఉంటే ఉపయోగం, లేనంత మాత్రాన అబద్ధం కాదు.

మన ఊరి ఫొటో అయితే మనకు తెలిసిన ఆనవాళ్లు వేరే ఉన్నాయి. బోర్డుల మీది తెలుగు చదవండి, ముఖ్యంగా ఒత్తులు. 'క్క', 'ర్త' లాంటి చోట ఏఐ తరచూ అక్షరంలా కనిపించే గీతలు పెడుతుంది. ఇది రోజురోజుకీ మెరుగవుతోంది కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకోకండి. బండ్ల నంబర్లు చూడండి. తెలంగాణలో కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వచ్చింది 2024 మార్చిలో. 2022 నాటి వరద ఫొటో అంటూ వచ్చినదాంట్లో టీజీ నంబరు బండి ఉంటే సమయమైనా అబద్ధం, ఫొటో అయినా అబద్ధం. మెట్రో స్తంభాలకు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలకు నంబర్లు ఉంటాయి. ఫొటోలో నంబరు కనబడితే గూగుల్ మ్యాప్స్ స్ట్రీట్ వ్యూలో ఆ స్తంభం దగ్గరికే వెళ్లి, పక్కన ఉన్న షాపు, ఎదురుగా ఉన్న మలుపు సరిపోయాయో లేదో చూడండి. సరిపోకపోతే పంపినవాళ్లను ఏ స్తంభం దగ్గర, ఎన్నింటికి తీశారని అడగండి. నిజంగా తీసినవాళ్ల దగ్గర ఆ జవాబుతో పాటు అదే చోట తీసిన ఇంకో నాలుగు ఫ్రేములు కూడా ఉంటాయి.